ఆటలో మెట్టు ఎక్కుట: అనుభవాంకముల లెక్క

గత సంవత్సరము దసరా సెలవులకు ముందు ఒక విద్యార్థి తండ్రిగారు మా పాఠశాలకు వచ్చి, చేతనున్న యుత్తరమును మాకు చూపి, "మాష్టరుగారూ, మా వాడు అయిదవ మెట్టు ఎక్కితినని వ్రాసినాడు. వాడు తొమ్మిదవ తరగతి గదా! ఈ అయిదవ మెట్టు ఏమిటి? వానిని వెనుకకు త్రోసినారా?" అని యడిగిరి. మాకు నవ్వును సిగ్గును ఒక్కమారే కలిగినవి. ఆ బాలుడు వ్రాసినది తన చదువును గూర్చి కాదు. హాస్టలులో శనివారము మధ్యాహ్నము మేము కొందఱు బాలురచే ఆడించుచున్న యొక కథాక్రీడలో, తాను ధరించిన యోధుని పాత్ర అయిదవ మెట్టునకు వచ్చినదని సంతోషముతో వ్రాసినాడు. ఆ పెద్దమనిషిని వసారాలో కూర్చుండబెట్టి అరగంటసేపు ఆటను వివరించితిమి. వారు శ్రద్ధగా విని, లేచి పోవుచు, "అయితే ఆ మెట్టు ఎవరు ఇత్తురు? దేనికి ఇత్తురు?" అని యడిగిరి. ఆ దినమున మేము చెప్పిన జవాబు మాకే తృప్తి నీయలేదు. ఈ వ్యాసము ఆ రెండు ప్రశ్నలకు కొంత యాలస్యముగా వ్రాయుచున్న జవాబు.

ఆట నెఱుగనివారి కొఱకు ముందుగా నాలుగు మాటలు. దీనిని రోల్‌ప్లేయింగ్ గేము అందురు. బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుండి ఆడుదురు. ఒకరు కథను నడుపువారు. మిగిలినవారిలో ఒక్కొక్కరు యోధుడో, మంత్రవేత్తయో, దొంగయో, మతాచార్యుడో యగు నొక పాత్రను తమదిగా చేసికొందురు. "మీ యెదుట పాడుపడిన కోట యున్నది, తలుపు సగము తెఱచియున్నది, లోపల నెవరో దగ్గుచున్నారు" అని కథానిర్వాహకుడు చెప్పును. ఏమి చేయవలెనో ఆటగాండ్రు చెప్పుదురు. చేసిన పని ఫలించునో లేదో సందేహమైనచో ఇరువది ముఖముల పాచికను వేయుదురు. పాచిక యనగానే కొందఱు తల్లులు కనుబొమలు ముడిచిరి గావున, ఇందు పందెము లేదనియు, పైకము లేదనియు ఇచ్చటనే చెప్పివేయుచున్నాము.

మన యిండ్లలో వైకుంఠపాళి నెఱుగనివా రుండరు. అందును పైకెక్కుట కలదు. కాని అచ్చట నిచ్చెన యెక్కుటయు పామునోట పడుటయు గవ్వల వంతు. ఆడువాని తెలివితో పని లేదు. ఈ కథాక్రీడలో మెట్టు ఎక్కుట పాచికపై నాధారపడదు. పాత్ర చేసిన పనులకు నిర్వాహకుడు లెక్క కట్టి 'అనుభవాంకములు' ఇచ్చును. అవి యొక నియత సంఖ్యకు చేరగానే పాత్ర పై మెట్టునకు పోవును. దెబ్బలకు ఓర్చు శక్తి పెరుగును, క్రొత్త విద్యలు వచ్చును. కావున ఇది మన పరీక్ష మార్కులకు చుట్టమే. మార్కులిచ్చుటలో నుండు కష్టములన్నియు ఇందును గలవు.

ఈ యాట పుట్టినది అమెరికాలో. విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా అను చిన్న పట్టణములో నున్న గ్యారీ గైగాక్సును, మిన్నెసోటా రాష్ట్రమువాడగు డేవ్ ఆర్నెసనును కలిసి, 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పేర దీనిని ప్రకటించిరి. అంతకు ముందు వారు చిన్న బొమ్మలను సైన్యములుగా నిలిపి యుద్ధక్రీడ లాడెడివారు. యుద్ధక్రీడలో ఆట ముగిసినతోడనే సైనికుని కథయు ముగియును. మఱునాడు వేఱు యుద్ధము, వేఱు సైన్యము. ఆర్నెసన్ 1971 ప్రాంతమున తన మిత్రులచే ఆడించిన బ్లాక్‌మూర్ అను కథలో నొక్కొక్క ఆటగానికి నొక్కడే మనుష్యుడు. వాడు ఈ వారము బ్రదికి బయటపడినచో వచ్చు వారము మఱల వచ్చును, నిన్న తెలియనిది నేడు తెలిసినవాడై వచ్చును. మా యభిప్రాయమున ఈ యాటలో నిజముగా క్రొత్తది రాక్షసులును మంత్రములును గాదు, మనుష్యుడు వారమువారమునకు పెరుగుట యను నీ యొక్క సంగతియే.

మొదటి గ్రంథముల లెక్క విచిత్రమైనది. యోధుడు రెండవ మెట్టెక్కుటకు 2,000 అంకములు కావలెను, మంత్రవేత్తకు 2,500, మతాచార్యునికి 1,500 చాలును. యోధునికి మూడవ మెట్టునకు 4,000, నాలుగవదానికి 8,000, అయిదవదానికి 16,000. అనగా ప్రతిమారును ఇబ్బడి యగుచున్నది. ఈ యంకములు వచ్చు మార్గములు రెండు: రాక్షసులను జయించుట యొకటి, భూగర్భమున దాగిన నిధిని సురక్షితముగా పైకి తెచ్చుట రెండవది. ఒక బంగారు నాణెమునకు ఒక అంకము. మొదట రాక్షసులకును హెచ్చుగనే యిచ్చిరి గాని, 1975లో వెలువడిన గ్రేహాక్ అను అనుబంధ గ్రంథము ఆ సంఖ్యను మిక్కిలి తగ్గించినది. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన ప్రారంభ గ్రంథము ప్రకారము ఓర్క్ అను రాక్షసుని జయించినచో 10 అంకములు మాత్రమే.

విద్యార్థులారా, ఇక్కడ పలక తీసికొనుడు. ఒక యోధుడు ఓర్కులతో పోరాడియే రెండవ మెట్టెక్కవలెనన్న 200 మందిని జయింపవలెను. అదే 2,000 నాణెముల పెట్టె నొకదానిని మెల్లగా మోసికొని వచ్చినచో పని ముగిసినది. మొదటి మెట్టు యోధుడు రెండు దెబ్బలకే నేలకూలువాడు. ఇక బుద్ధిగలవా డేమి చేయును? పోరు మానును. రాక్షసుడు నిద్రించు వేళ కనిపెట్టును. వానికి మాంసము వేసి మఱపించును. వెనుక దారి వెదకును. కాబట్టి ఆ కాలపు ఆటగాండ్రు జాగరూకులై, కుయుక్తులు పన్నువారై, తాళ్లును కొక్కెములును దివిటీలును లెక్కపెట్టుకొనువారైరి. వారికి జాగ్రత్తను గూర్చి యెవరును ఉపన్యాస మీయలేదు. అంకముల పట్టికయే నేర్పినది. బంగారమునకు అంకములేమి, బంగారము చేత పట్టినంతనే ఖడ్గవిద్య వచ్చునా యని చాలమంది హేళన చేసిరి. మేమును మొదట నవ్వితిమి. కాని ఆ హేళన చేయువారు ఆ నియమము చెప్పు మాటను చూతురు గాని చేయు పనిని చూడరు.

1979లో గైగాక్సు వ్రాసిన నిర్వాహక గ్రంథమున మఱియొక నిబంధన చేర్చబడెను. అంకములు నిండినను వెంటనే మెట్టు రాదు. గురువు నాశ్రయించి, తన మెట్టునుబట్టి వారమునకు 1,500 నాణెముల వంతున గురుదక్షిణ చెల్లించి, బాగుగా ఆడినవాడు ఒక వారమును, అధమముగా ఆడినవాడు నాలుగు వారములును అభ్యసింపవలెను. ఉపాధ్యాయులమైన మాకు ఎంతయు నచ్చవలసిన నియమమే యిది! కాని ఆటగాండ్రలో పలువురు దీనిని విడిచిపెట్టిరనియే వినికిడి.

కాలక్రమమున బంగారపు లెక్క తొలగినది. 1989 నాటి కూర్పున అది యిచ్ఛాధీనమైనది. 2000 సంవత్సరమున వెలువడిన మూడవ కూర్పులో నిధికి అంకములు లేవు, జయించిన శత్రువులకును దాటిన ఆపదలకును గలవు. అందఱు పాత్రలకును ఒకే పట్టిక వచ్చినది: 1,000, 3,000, 6,000, 10,000. తమకు తగిన బలము గల ఆపదలను పదమూడింటిని దాటి పదునాలుగవదానిలో నుండగా మెట్టు వచ్చునట్లు ఆ లెక్క కుదిర్చిరి. మేము ఆడించినది 2014 నాటి అయిదవ కూర్పు. ఇక మా తప్పులకు వచ్చెదము.

ఆషాఢపు వానలలో మైదానము బురదయై ఆటలు సాగక, అయిదుగురు బాలురతో మొదలుపెట్టితిమి. గాబ్లిన్ అను పొట్టి రాక్షసునికి గ్రంథమున 50 అంకములు వ్రాసియున్నవి. ఎవడు చంపిన వానికే ఆ 50 యని మేము నియమము పెట్టితిమి. గ్రంథము అట్లు చెప్పలేదు. జయించిన ఫలమును అందఱును పంచుకొనవలెననియు, పోరు లేకుండ ఆపద దాటినను నిర్వాహకుడు అంకములీయవచ్చుననియు అందున్నది. తరగతిలో ఎవరి మార్కు వారిదే యను మా యలవాటు మమ్ము త్రోవ తప్పించినది.

మూడవ శనివారమున గుహలోనుండి నొక ముసలి గాబ్లిన్ తెల్లగుడ్డ పట్టుకొని వచ్చి శరణు వేడెను. వాని మాటలలో ఆ కథకంతకును తాళపుచెవి యున్నది. మేము రెండు రాత్రులు కూర్చుండి దానిని వ్రాసికొంటిమి. వాడు నోరు తెఱవకముందే ఇద్దఱు బాలురు బల్లపై పడి, "నేను ముందు! నేను ముందు!" అని పాచికలు వేసిరి. ముసలివాడు చచ్చెను. ఎవరి పాచిక ముందు పడెనని వారిద్దఱును పోట్లాడుచుండగా, మేము మౌనముగా మా కాగితములు చూచుకొంటిమి. వారు క్రూరులైన పిల్లలు కారు. వారిలో నొకడు హాస్టలు పిల్లికి తన పాలు పోయువాడు. మేము చంపుటకు వెల కట్టితిమి, వారు వెల తెచ్చుకొనిరి, అంతే.

మఱుసటి వారము నియమము మార్చితిమి. చంపినందుకు ఏమియు లేదు. ఊరివారిని గుహనుండి విడిపించుట, తాము చేయుదుమని మాట యిచ్చిన పనిని చేయుట, క్రొత్త చోటును కనిపెట్టుట, వీనికి అంకములు. అవియు అందఱకును సమానము. ఆ మార్పును బాలురకు ముందుగనే చెప్పి, కాగితముపై వ్రాసి గోడకు అంటించితిమి. ఇది ముఖ్యము. దేనికి ఫలమో తెలియని చోట పిల్లలు నిర్వాహకుని ముఖము చూచి ఆడుదురు. అది యాట కాదు, మెప్పు వెదకుట. రెండు వారములలో మాటలాడుట పెరిగినది. దారిలో కనబడిన ప్రతి గాబ్లిన్‌ను పేరడుగుట మొదలుపెట్టిరి. వారు అంతగా అడుగుదురని మేము తలపలేదు గావున అప్పటికప్పుడు పేర్లు కల్పించుటకు మాకు చెమటలు పట్టినవి.

పిమ్మట నింకొక తప్పు చేసితిమి. క్రొత్త నియమము ఫలించిన సంతోషమున చేయి జారి అంకములిచ్చుచు, వారమునకొక మెట్టు ఎక్కించితిమి. దసరాకు అయిదవ మెట్టు వచ్చినదన్న ఆ యుత్తరము ఇట్లు పుట్టినదే.

వేగము సంగతి లెక్కతో చూడుడు. ఆ గ్రంథమున రెండవ మెట్టునకు 300, మూడవదానికి 900, నాలుగవదానికి 2,700, అయిదవదానికి 6,500, ఆఱవదానికి 14,000 అంకములు. లెక్క సులభముగా నుండుటకు నలుగురే ఆడుచున్నారనుకొందము. నలుగురికిని తలకు 300 రావలెనన్న మొత్తము 1,200. అది 24 గాబ్లిన్‌ల లెక్క. ఒకటి రెండు శనివారములలో ముగియును. నాలుగవ మెట్టునుండి అయిదవదానికి తలకు 3,800, మొత్తము 15,200. ఓగర్ అను మహాకాయుని జయించినచో 450. అట్టివారు 34 మంది కావలెను! మొదటి మెట్లు పొట్టివి, నడిమి మెట్లు పొడవైనవి. ఇది పొరపాటున జరిగినది కాదు. క్రొత్తగా వచ్చినవాడు త్వరగా నొక ఫలము చూడవలెను, లేనిచో విసుగును. అటుపిమ్మట ఒక్కొక్క మెట్టున కొంతకాలము నివసింపవలెను. ఆ గ్రంథమే అంకములు లేని పద్ధతి నొకటి చూపుచు, మొదటి దినపు ఆట ముగియగానే రెండవ మెట్టు, రెండవ దినమున మూడవది, ఇంకను రెండు దినములకు నాలుగవది, అటుపిమ్మట రెండు మూడు దినముల కొకటి చొప్పున ఇమ్మని చెప్పుచున్నది.

మేము త్వరపడినందున జరిగిన నష్టము మంత్రవేత్త పాత్ర ధరించిన బాలునియందు స్పష్టముగా కనబడినది. అయిదవ మెట్టున మంత్రవేత్తకు మూడవ శ్రేణి మంత్రములు వచ్చును. నిప్పుబంతి విసరు ప్రసిద్ధ మంత్రము అందులోనిదే. ఆ బాలుని కాగితము నిండ మంత్రములే. వాని వంతు రాగానే కాగితమును పైనుండి క్రిందికి చదివి, క్రిందినుండి పైకి చదివి, కడపట మొదటి దినమున నేర్చిన చిన్న మంత్రమునే వేయుచుండెను. మిగిలినవారు కిటికీనుండి వాన చూచుచుండిరి. రెండవ శ్రేణి మంత్రములలో నొక్కదానినైన వాడు ప్రయోగించి యుండలేదు. గుణకారము రాకముందే భాగహారమునకు పోయిన తరగతి వలె నుండెను.

దీనిని సవరింపబోయి ఎదుటి గోతిలో పడితిమి. దసరా తరువాత ఆఱు శనివారములు ఎవరికిని మెట్టు లేదు. మంత్రవేత్త తన కాగితమును నేర్చుకొనెను, నిజమే. కాని ఆఱవ వారమున ఒక బాలుడు పెన్సిలుతో బల్లపై గీతలు గీయుచు, "మాష్టరుగారూ, మేమేమి చేసినను అయిదే గదా" అనెను. అంకములిచ్చుచునే యుంటిమి గాని 7,500 దూరము వానికి కనబడలేదు. ఎక్కవలసిన కొండ పెద్దదైనపుడు నడుమ మైలురాళ్లు కనబడవలెను. ఇప్పుడు మేము అంకములను విడిచి, మూడు శనివారముల కొక మెట్టు ఇచ్చుచున్నాము. మెట్టు లేని శనివారములందు కథలో నేదో యొకటి చేతికి వచ్చునట్లు చూచుచున్నాము: ఒక పటము, ఒక మిత్రుడు, ఒక రహస్యము.

అన్ని ఆటలును మెట్లు గలవి కావు. 1978లో స్టీవ్ పెర్రిన్ మొదలగువారు రచించిన రూన్‌క్వెస్ట్ అను ఆటలో మెట్లే లేవు. ఒక్కొక్క విద్యకు నూటికి ఇంత యని సంఖ్య యుండును. కథలో ఆ విద్యను ప్రయోగించి నెగ్గినచో దానిప్రక్క నొక గుర్తు పెట్టుదురు. కథ ముగిసిన పిమ్మట నూఱు వఱకు పాచిక వేయుదురు. పడిన సంఖ్య తనకున్న సంఖ్యను మించినచో విద్య పెరుగును. నూటికి ముప్పది వచ్చినవానికి పెరుగు అవకాశము హెచ్చు. తొంబది వచ్చినవానికి మిక్కిలి తక్కువ. ట్రైనింగు కాలేజీలో అభ్యసనమును గూర్చి మేము గీసిన వంపురేఖ యంతయు ఈ యొక్క పాచికలో నిమిడియున్నదని చూచి ఆనందించితిమి. 1981 నాటి కాల్ ఆఫ్ క్థుల్హు అను ఆటయు ఈ పద్ధతినే అనుసరించినది. దీనికిని లోపము లేకపోలేదు. గుర్తుల కాశపడి ఒకే యుద్ధమున ఖడ్గము పడవేసి గొడ్డలియు, గొడ్డలి పడవేసి ఈటెయు పట్టువారు బయలుదేరిరి.

1977 నాటి ట్రావెలర్ అను ఆటలో పాత్ర అప్పటికే సైన్యములోనో నావికాదళములోనో ఉద్యోగము చేసి వచ్చిన పెద్దవాడు. అటుపిమ్మట వాడు పెరుగుట మిక్కిలి స్వల్పము. పిల్లలకు ఇది రుచింపదు. 2012లో వెలువడిన డంజన్ వరల్డ్ అను ఆటలో నుండు నియమము మాత్రము ప్రతి బడి గోడపైనను వ్రాయదగినది: రెండు పాచికలు వేసి ఆఱుగాని అంతకు తక్కువగాని పడి ప్రయత్నము విఫలమైనచో, ఆటగాడు అనుభవాంకము నొకటి వ్రాసికొనును. ఓడినవానికే అనుభవము! తప్పు పోవునను భయముతో చేయి యెత్తని పిల్లలు ప్రతి తరగతిలోను నుందురు గదా.

ఇక చెప్పుటకు మాకు కష్టమైన సంగతి. అయిదుగురితో మొదలుపెట్టితిమంటిమి. దసరా తరువాత ఆఱవ బాలుడొకడు చేరెను. సంవత్సరారంభమున విషజ్వరముతో ఇంట నుండి, ఆలస్యముగా హాస్టలునకు వచ్చినవాడు. పాత ఆటగాండ్ర సంప్రదాయము ననుసరించి, క్రొత్తవాడు మొదటి మెట్టుననే మొదలుపెట్టవలెనని మేము నిర్ణయించితిమి. మిగిలినవారు అయిదవ మెట్టున నున్నారు.

ఆ సంప్రదాయము బొత్తిగా మూర్ఖము కాదు. ఇబ్బడియగు పట్టికను మఱల చూడుడు. తోడివారు 8,000 అంకములతో నాలుగవ మెట్టున నుండగా ఒకడు సున్నతో చేరెననుకొందము. అందఱకును సమానముగా అంకములు వచ్చుచు, తోడివారు 16,000 చేరి అయిదవ మెట్టెక్కు దినమున, క్రొత్తవానికి 8,000 వచ్చి నాలుగవ మెట్టున నుండును. మూడు మెట్ల దూరము ఒక్క మెట్టునకు తగ్గినది. మా గ్రంథముననుసరించియు అంతే: తోడివారు 6,500 నుండి 14,000 చేరు లోపల వానికి 7,500 వచ్చి అయిదవ మెట్టు దాటును. కాగితముపై మేము ఈ లెక్క వేసి, న్యాయముగనే యున్నదని తృప్తి పడితిమి. ఆ లోపల ఎన్ని శనివారములు గడచునో పట్టికలో లేదు.

మొదటి దినముననే ఓగర్ ఎదురైనది. దాని గద దెబ్బ సగటున 13. ఆ బాలుని యోధునికి ప్రాణాంకములు 12. మొదటి దెబ్బకే నేలకూలెను. తోడివారు పోరాటము ముగించి, గుహ దాటి, వాని పాత్రకు స్పృహ తెప్పించి, మఱల ద్వారముకడ కాపలా యుంచిరి. ముందుకు తెచ్చినచో మఱల పడునని వారి భయము, అదియు నిజమే. ఆ బాలుడు గంటన్నరసేపు చేతులు ఒడిలో పెట్టుకొని చూచుచు కూర్చుండెను. వచ్చు శనివారమున కబురు పంపితిమి. "బట్టలు ఉదుకుకొనవలెను" అని చెప్పి పంపెను. ఆ తరువాతి శనివారమును బట్టలే. హాస్టలు బాలుని కెన్ని బట్టలుండునో మాకు తెలియును.

మేము స్వయముగా పోయి, నీ యోధుడును అందఱివలె అయిదవ మెట్టున నుండునని చెప్పి పిలుచుకొని వచ్చితిమి. అప్పుడు లేచినవాడు ఆ యుత్తరము వ్రాసిన బాలుడే. "మాష్టరుగారూ, నేను ఒక్క శనివారమును మానలేదు. జలుబుతోను వచ్చితిని. వాడు నిన్న వచ్చినాడు. వానికిని అయిదే, నాకును అయిదేనా?" అనెను. వాని కంఠమున కోపము కన్న దుఃఖమే హెచ్చుగా నుండెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. వాడు చెప్పినది తప్పు కాదు. ఇరువది సంవత్సరములుగా హాజరుపట్టీ వ్రాయుచున్న మేము వానిని గద్దించుట యెట్లు?

ఒక వారము గడువు అడిగి ఆలోచించితిమి. మెట్టు రెండు పనులు చేయుచున్నదని తోచినది. అది బల్లకడ చోటు ఇచ్చును, పడిన శ్రమకు గుర్తును అగును. చోటు లేనిదే ఆట లేదు గావున దానిని హాజరునుబట్టి పంచరాదు. గుర్తు మాత్రము శ్రమపడినవానిదే. కాబట్టి ఆ రెంటిని విడదీసితిమి. మెట్టు అందఱకును ఒక్కటే, రాలేకపోయినవానికిని, ఆలస్యముగా వచ్చినవానికిని. కథలో సంపాదించినది మాత్రము ఆ దినమున ఉన్నవారిది: ఊరివారిచ్చిన బిరుదు, గుహలో దొరకిన గుఱ్ఱము, నదీదేవత నేర్పిన పాట, శత్రువు మనస్సున నిలిచిన పేరు. ఆ బాలుని యోధునికి అప్పటికే 'వంతెన కాచినవాడు' అని ఊరివారి బిరుదు కలదు. అది యెవరికిని పంచబడదని చెప్పగా కొంతసేపు ఆలోచించి, "గుఱ్ఱము గూడ నాదేనా?" యని యడిగెను. నీదేయంటిమి. మఱల కూర్చుండెను.

ఆ సాయంకాలము గుహలో రెండవ ఓగర్ వచ్చినది. క్రొత్త బాలుని యోధుడు దెబ్బ తినెను, నిలిచెను, తిరిగి కొట్టెను. పాచికపై 19 పడినపుడు వాడు వేసిన కేకకు వార్డెనుగారు పరుగెత్తి వచ్చిరి.

ఈ సంవత్సరము జూన్ నెలలో పాఠశాల తెఱచిన దినమున ఆ తండ్రిగారు పదియవ తరగతి రుసుము చెల్లించుటకు వచ్చి, మమ్ము ద్వారముకడ చూచి, నవ్వుచు, "ఇప్పుడు మా వాడెన్నవ మెట్టు?" అని యడిగిరి.

"ఏడవదండి" అంటిమి.

"తక్కినవారో?"

"అందఱును ఏడే. గుఱ్ఱము మాత్రము మీ వానిది."